దర్బంద్ ప్రాకారమూ, సికందర్ కథలూ

కాకసస్ పర్వతాల తూర్పు కొస కాస్పియన్ సముద్రానికి అతి సమీపంగా వచ్చే చోట కొండకూ నీటికీ నడుమ సుమారు మూడు కిలోమీటర్ల నేల మాత్రమే మిగులుతుంది. ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల నుంచి ఇరాన్, ఇరాక్ దేశాల వైపు దిగివచ్చే సైన్యాలకు ఉన్న రెండు ప్రధానమైన దారులలో ఇది ఒకటి. ఆ ఇరుకున వెలసిన పట్టణమే దర్బంద్. నేడు రష్యా సమాఖ్యకు చెందిన దాగిస్తాన్‌లో ఉంది. పారసీ భాషలో 'దర్' అంటే తలుపు, 'బంద్' అంటే మూత. అరబ్బులు దీనిని 'బాబుల్ అబ్వాబ్', అనగా ద్వారాలకు ద్వారం అన్నారు. తురుష్కులు 'ఇనుప వాకిలి' అన్నారు. ఎవరి భాషలో పిలిచినా పేరులో వాకిలి తప్పదు.

మా మేనల్లుడు దాగిస్తాన్ ముఖ్యపట్టణమైన మహాచ్‌ఖలాలో వైద్యవిద్య అభ్యసిస్తున్నాడు. ఆ విశ్వవిద్యాలయంలో మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. గత సంవత్సరం మదరసా వార్షిక సెలవులలో అతడిని చూడడానికి వెళ్ళినప్పుడు, అక్కడికి సుమారు 130 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న దర్బంద్‌కు ఇద్దరమూ వెళ్ళాము. నిజం చెప్పాలంటే, మేనల్లుడిని చూడాలన్న కోరికతో పాటు ఈ ఊరు చూడాలన్న కోరిక కూడా నన్ను అంతదూరం నడిపించింది.

కొండమీద నారిన్ ఖలా అనే దుర్గం ఉంది. దాని నుంచి రెండు గోడలు సమాంతరంగా దిగి, ఊరిని ఇరువైపులా పట్టుకొని, సముద్రం దాకా పోతాయి. వాటి మధ్య దూరం 300 నుంచి 400 మీటర్లు. పొడవు మూడున్నర కిలోమీటర్లకు పైమాటే. దుర్గానికి పడమట మరొక గోడ కొండలెక్కి లోయలు దిగి సుమారు 40 కిలోమీటర్లు సాగుతుంది. గవ్వలు కలిసిన స్థానికపు సున్నపురాతిని పెద్ద పెద్ద దిమ్మెలుగా చెక్కి ఇరుపక్కలా పేర్చి, నడుమ రాళ్ళూ సున్నమూ నింపి కట్టారు. రాతిని చేతితో తడిమితే చిన్న చిన్న గవ్వలు వేళ్ళకు తగులుతాయి. 2003వ సంవత్సరంలో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

దుర్గం వాకిట కూర్చున్న ఒక వృద్ధుడు మమ్మల్ని చూసి సలాము చెప్పి, ఎక్కడివారని అడిగాడు. హిందూస్తాన్ అన్నాము. ఆయన గోడవైపు చేయి చూపి, "ఇస్కందర్ జుల్‌ఖర్నైన్!" అన్నాడు. రష్యన్‌లో ఆయన చెప్పినదంతా మేనల్లుడు నాకు అనువదించాడు. యాజూజ్ మాజూజ్‌లను అడ్డుకోవడానికి సికందర్ చక్రవర్తి కట్టించిన గోడ ఇదేనట. ఆయన తాత చెప్పాడట, ఆయన తాతకు వాళ్ళ తాత చెప్పాడట. ఆయనతో వాదించడం మర్యాద కాదు గనుక మౌనంగా విన్నాను. ఈ మాట ఆ వృద్ధుడిది మాత్రమే కాదు. 13వ శతాబ్దంలో మార్కో పోలో సైతం ఈ ఇనుప వాకిలిని కట్టించింది అలెగ్జాండరే అని చెప్పాడు.

చరిత్ర మరొక మాట చెబుతుంది. మాసిడోనియా రాజు అలెగ్జాండర్ క్రీ.పూ. 334లో ఆసియా ఖండంలో అడుగుపెట్టి, 323లో బాబిలోన్ నగరంలో 32 ఏళ్ళ వయసున మరణించాడు. ఆ పదకొండేళ్ళలో ఆయన సింధునది దాటి పంజాబుదాకా వచ్చాడు గాని కాకసస్ పర్వతాల ఈ కొసకు ఎన్నడూ రాలేదు. 'కాస్పియన్ ద్వారాలు' అన్న పేరుగల కనుమ ఒకటి ఇరాన్‌లో రయ్ నగరానికి సమీపాన ఉండేది. ఆయన దాటింది దానిని. ఆ పేరే తరువాతి రచయితల చేతులలో మెల్లగా ఉత్తరానికి జరిగి కాకసస్ కనుమలకు అంటుకుంది. పేరుతో పాటు ఆయన కథ కూడా జరిగింది. దర్బంద్‌లో మొదట పచ్చి ఇటుక గోడ కట్టించింది సాసానీ చక్రవర్తి రెండవ యజ్దగర్ద్. ఇప్పుడు మనం చూస్తున్న రాతిగోడ 531 నుంచి 579 వరకు ఏలిన ఖుస్రో అనూషిర్వాన్ కాలానిది. అంటే సికందర్ గతించిన ఎనిమిది వందల ఏళ్ళకు పైబడిన తర్వాతి మాట. గోడమీద పహ్లవీ లిపిలో చెక్కిన చిన్న చిన్న శాసనాలు ముప్పైకి పైగా ఉన్నాయి. వాటిలో వీరగాథలు లేవు, ఆదాయవ్యయాలు చూసే అధికారి పేరు ఉంది. లెక్కలు చూసినవాడి పేరు రాతిమీద మిగిలింది, జనం నోట మాత్రం రానేరానివాడి పేరు నిలిచింది.

మన ముస్లిం చరిత్రకారులకు ఈ సంగతి తెలియనిది కాదు. బలాజురీ, మస్ఊదీ వంటివారు వెయ్యేళ్ళ క్రితమే ఈ గోడ అనూషిర్వాన్ కట్టడమని వ్రాసి ఉంచారు.

దర్బంద్ పేరు నేను మొట్టమొదట విన్నది భూగోళ పాఠంలో కాదు, పారసీ పాఠంలో. మన దేశపు మదరసాలలో గులిస్తాన్, బోస్తాన్‌లు పూర్తిచేసిన విద్యార్థికి నిజామీ గంజవీ వ్రాసిన సికందర్‌నామా చెప్పడం పాత ఆనవాయితీ. దాని రెండు భాగాలను మనవాళ్ళు 'బర్రీ', 'బహ్రీ' అని పిలిచేవారు, నేలమీది ప్రయాణమూ నీటిమీది ప్రయాణమూ అన్నట్లు. మా ఉస్తాద్ గారు ఒక్కొక్క పద్యాన్ని రెండుసార్లు చదివించి, మూడవసారి పుస్తకం మూయించి అడిగేవారు. నేడు పారసీ పాఠం చాలాచోట్ల సన్నగిల్లింది. తెలుగు పాఠకులకు అలెగ్జాండర్ అంటే పురుషోత్తముడితో యుద్ధం చేసిన పాఠ్యపుస్తకపు అలెగ్జాండరే. అయినా సికందర్ మనకు పరాయివాడు కాడు. మూడవ నిజాం సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాదు రైల్వే స్టేషనులో రోజూ ఎన్ని వేలమంది ఆయన పేరు పలుకుతున్నారో!

ఇంతకూ ఈ కథలు ఎలా పుట్టాయి? అలెగ్జాండర్ గతించిన కొన్ని శతాబ్దాలకు ఈజిప్టులో గ్రీకు భాషలో ఆయన గాథ ఒకటి తయారైంది. ఆయనతో వెళ్ళిన చరిత్రకారుడు కాలిస్తనీస్ వ్రాశాడని పేరు పెట్టారు గాని అది అతడిది కాదు. అందులో అలెగ్జాండర్ ఈజిప్టు చివరి దేశీయ రాజైన నెక్టనెబో కొడుకు! తమను జయించినవాడు పరాయివాడంటే ఈజిప్టువారికి రుచించలేదు కాబోలు, తమ బిడ్డనే చేసుకున్నారు. ఆ గాథ లాటిన్, ఆర్మేనియన్, సిరియాక్ భాషలకు వెళ్ళింది. యూరపులో ఫ్రెంచి కవులు దానిని వీరయోధుల కావ్యంగా మలిచారు. ఇథియోపియాలో ఆయన క్రైస్తవ భక్తుడయ్యాడు. మలయా సుల్తానులు తమ వంశమూలం ఇస్కందర్ జుల్‌ఖర్నైన్ అని చెప్పుకున్నారు.

అన్నిటికంటె ఆలోచింపజేసేది ఇరాన్ కథ. జరతుష్ట్ర మతపు పహ్లవీ గ్రంథాలలో ఆయన 'శాపగ్రస్తుడు'. మతగ్రంథాలను తగులబెట్టినవాడు, రాజ్యాన్ని కూల్చినవాడు. అదే ఇరాన్‌లో 1010వ సంవత్సర ప్రాంతాన ఫిర్దౌసీ ముగించిన షాహ్‌నామాలో ఆయన ఇరాన్ రాజు దారాబ్‌కు పుట్టినవాడు, తాను ఓడించిన దారాకు సోదరుడు, కాబా దర్శనం చేసుకున్నవాడు. ఒకే దేశం, ఒకే మనిషి, రెండు జ్ఞాపకాలు. ఓడిపోయినవారు గెలిచినవాడిని శపించడం సహజమే. గెలిచినవాడిని ఇంటి మనిషిని చేసుకొని ఓటమిని మరచిపోవడం కూడా సహజమేనని ఈ కథలు చదివితే తెలుస్తుంది.

నిజామీది దర్బంద్‌కు దక్షిణాన ఉన్న గంజ నగరం. 12వ శతాబ్దపు కవి. ఆ ప్రాంతపు మనిషి గనుక తన చుట్టుపక్కల ఊళ్ళను కథలోకి తెచ్చాడు. వాటిలో బర్దా రాణి నూషాబా వృత్తాంతం గృహిణులకు, ఆడపిల్లలకు తప్పక చెప్పదగినది. సికందర్ తన రాయబారి వేషంలో తానే ఆమె కొలువుకు వెళతాడు. ఆమె వద్ద దేశదేశాల రాజుల చిత్రపటాలున్నాయి. ఆయన పటం పట్టుబట్ట మీద చూపి గుట్టు విప్పేస్తుంది. తర్వాత విందు. ఆయన ముందు పళ్ళేల నిండా కెంపులు, ముత్యాలు, బంగారం వడ్డిస్తారు. ఇవి ఎలా తినడం అని ఆయన అడుగుతాడు. తినడానికి పనికిరాని రాళ్ళకోసం లోకమంతా తిరిగి ఇన్ని ప్రాణాలు ఎందుకు తీస్తున్నావని ఆమె అడుగుతుంది. మన కవి అమీర్ ఖుస్రో 1299లో వ్రాసిన ఆయీనయే సికందరీలోనైతే సికందర్ గాజుపెట్టెలో కూర్చొని సముద్రం అడుగుకు దిగుతాడు. అమృతజలం కోసం చీకటిలోకి వెళ్ళిన కథ సరే సరి, నీరు హజ్రత్ ఖిజ్ర్‌కు దొరుకుతుంది, చక్రవర్తి దాహంతో తిరిగివస్తాడు.

దుర్గం పైనుంచి ఊరిని చూస్తూ ఇవన్నీ చెబుతుండగా మా మేనల్లుడు నన్ను ఆపాడు. "మామూ, ఒక మాట అడగాలి. ఖురాన్‌లోని జుల్‌ఖర్నైన్ వృత్తాంతం ఈ అలెగ్జాండర్ కథలోంచి తీసుకున్నదేనని మా తోటి విద్యార్థులు ఫోన్లో వీడియోలు చూపిస్తున్నారు. మరికొందరేమో ఇదే ఆ గోడ, ఇదిగో రుజువు అంటున్నారు. రేపు ఈ గోడ అనూషిర్వాన్‌దని తేలితే ఖురాన్ మాట ఏమవుతుంది?"

అతడి గొంతులో కుతూహలం మాత్రమే లేదు. శుక్రవారం ఇంట్లో కహఫ్ సూరా పారాయణం చేసే పిల్లవాడు, పరదేశంలో ఒంటరిగా ఇలాంటి మాటలు వింటూ ఎన్ని రాత్రులు ఆలోచించాడో అనిపించింది. అక్కడే మెట్టుమీద కూర్చున్నాము.

దివ్యఖురాన్ జుల్‌ఖర్నైన్ అన్న బిరుదు తప్ప పేరు చెప్పలేదు. దేశం చెప్పలేదు, తండ్రి పేరు, గుర్రం పేరు, మరణించిన సంవత్సరం చెప్పలేదు. కథకులకు ప్రాణప్రదమైనవన్నీ వదిలివేసింది. మిగిల్చినది ఏమిటి? మాట సరిగా తెలియని ఒక బలహీన జాతి రక్షణ కోరి పన్ను కడతామంటుంది. ఆయన సొమ్ము వద్దంటాడు, మీ శ్రమ ఇవ్వండి చాలంటాడు. ఇనుప దిమ్మెలు పేర్చి, కాల్చి, కరిగిన రాగి పోసి అడ్డుకట్ట కడతాడు. కట్టి, ఇది నా ప్రభువు కారుణ్యమంటాడు, అది నేలమట్టమయ్యే రోజు ఉందని కూడా చెబుతాడు. ఈ లక్షణాలతో దర్బంద్ గోడను పోల్చి చూడు, ఇక్కడ ఉన్నది సున్నపురాయి అన్నాను.

ఆయన ఎవరన్న విషయంలో మన పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఇమామ్ రాజీ వంటివారు అలెగ్జాండరేనన్నారు. ఇబ్నె తైమియా, ఇబ్నె కసీర్ దానిని గట్టిగా ఖండించారు. అరిస్టాటిల్ శిష్యుడైన ఆ రాజు బహుదైవారాధకుడు, ఖురాన్ చెప్పినవాడు విశ్వాసి, ఇద్దరూ ఒకరెలా అవుతారన్నది వారి ప్రశ్న. మన కాలంలో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ తమ తర్జుమానుల్ ఖురాన్‌లో ఇరాన్ చక్రవర్తి సైరస్ పేరు ప్రతిపాదించారు. మౌలానా మౌదూదీ కూడా అటే మొగ్గారు. నాకు ఇబ్నె కసీర్ వాదన బలంగా కనిపిస్తుంది. ఆజాద్ గారి పరిశోధన గౌరవించదగినదే గాని, ఖురాన్ మూసి ఉంచిన పేరును తెరిచి తీరవలసిన అవసరం మనకేమిటో నాకు బోధపడదు.

ఇక కాపీ అన్న మాట. క్రీ.శ. 629-630 ప్రాంతానిదని పరిశోధకులు చెప్పే ఒక సిరియాక్ క్రైస్తవ గాథలో అలెగ్జాండర్ ఇనుప ద్వారం కట్టిన కథ ఉంది. వీడియోలవారి ఆధారం అదే. ఆ గాథకూ ఖురాన్ వృత్తాంతానికీ ఉన్న సంబంధం ఎటువంటిదన్న చర్చ పండితులలో నేటికీ సాగుతూనే ఉంది. తేలని చర్చను తేలినట్లు చూపేవాడి మాట విని నిద్ర పాడుచేసుకోవద్దన్నాను. ఈ గోడే రుజువు అనే మన సోదరులతో కూడా నాకు పేచీ ఉంది. విశ్వాసానికి ఒక పాత గోడను ఊతకర్రగా పెడితే, ఆ గోడ కదిలిన రోజున విశ్వాసమూ కదులుతుంది. ఆ బరువును పిల్లల నెత్తిన పెట్టడం పెద్దలు చేయదగిన పని కాదు.

అతడికి తబరీ చరిత్రలోని ఒక ఘట్టం చెప్పాను. హదీసును తూచే త్రాసుతో తూచవలసినది కాదు, చరిత్ర కథనంగా వినవలసినది. హిజ్రీ 22, హజ్రత్ ఉమర్ (రజి) కాలం. ముస్లిం సైన్యం బాబుల్ అబ్వాబ్ చేరింది. అక్కడి సాసానీ పాలకుడు షహర్‌బరాజ్ సంధి చేసుకున్నాడు. ఒకనాడు ముస్లిం నాయకుడు అబ్దుర్రహ్మాన్ బిన్ రబీఆ ఆయనతో కూర్చుని ఉండగా దూరప్రయాణం నుంచి ఒక మనిషి వచ్చాడు. రెండేళ్ళ క్రితం యాజూజ్ మాజూజ్‌ల అడ్డుకట్టను చూసి రమ్మని షహర్‌బరాజ్ పంపినవాడు అతడు. ఒక రాజు నుంచి మరొక రాజుకు కానుకలు అందిస్తూ వెళ్ళి, రెండు కొండల నడుమ ఉన్న ఆ కట్టడాన్ని చూశానన్నాడు. అక్కడి లోతైన అగాధంలోకి మాంసం విసిరితే గద్ద దానితోపాటు తెచ్చిన కెంపును చూపాడు. కట్టడం రంగు ఎట్లుందని అడిగితే సభలోని ఒకరి చారల యమన్ వస్త్రాన్ని చూపాడు. ఇనుమూ రాగీ కలిసిన రంగు అదేనని అబ్దుర్రహ్మాన్ అన్నారు. కెంపును చేతిలోకి తీసుకొని చూసి, తిరిగి ఇచ్చేశారు. షహర్‌బరాజ్ ఆశ్చర్యపోయాడు. ఈ రాయి ఈ దేశం కంటె విలువైనది, కిస్రా వంశంవారికి దీని సంగతి తెలిసి ఉంటే లాక్కునేవారు, మీరు మాట నిలుపుకున్నంతకాలం మీ ముందు ఎవరూ నిలవలేరన్నాడు.

"గమనించావా?" అన్నాను. "ఈ గోడ నీడలో ఏలిన పాలకుడు, అడ్డుకట్టను చూసి రమ్మని మనిషిని ఎక్కడికో దూరదేశానికి పంపాడు. ఇదే అది అయితే వాకిలి తీసి చూపేవాడు కదా!" మేనల్లుడు చాలాసేపటి తర్వాత నవ్వాడు.

రెండు శతాబ్దాల తర్వాత అబ్బాసీ ఖలీఫా వాసిఖ్ ఆ అడ్డుకట్టకు గండి పడినట్లు కలగన్నాడు. భయపడి సల్లామ్ అనే దుబాసీకి యాభైమందిని ఇచ్చి పంపాడు. వారు కాకసస్ మీదుగా ఖజర్ల రాజ్యం చేరి, అక్కడ ఆగక ఇంకా ముందుకు వెళ్ళారు. రానూపోనూ రెండేళ్ళకు పైగా పట్టింది. సల్లామ్ చెప్పినది ఇబ్నె ఖుర్దాజ్‌బిహ్ తన గ్రంథంలో వ్రాశాడు. అక్కడి కావలి అధికారి ప్రతి శుక్రవారం గుర్రపు రౌతులతో వచ్చి ఇనుప సుత్తులతో గడియను కొట్టించి, అవతల ఉన్నవారికి కావలి ఉందని తెలియజేస్తాడట. ఇందులో ఎంత చూసినదో ఎంత విన్నదో అల్లాహ్‌కే తెలుసు.

మధ్యాహ్నం జుమా మసీదులో నమాజు చేశాము. 733లో వెలసిందని ప్రసిద్ధి. రష్యా దేశంలో అతి పురాతనమైన మసీదుగా దీనికి పేరు. ప్రాంగణంలో శతాబ్దాల వయసుగల చినార్ చెట్లు ఉన్నాయి. వాటి మొదలు చుట్టూ చేతులు చాపి నిలబడాలంటే కొందరు మనుషులు కావాలి. 15వ శతాబ్దపు మదరసా గదులు చూస్తూ అక్కడే ఎక్కువసేపు నిలిచిపోయాను, వృత్తి అభిమానం. సోవియట్ పాలనలో 1930లలో ఈ మసీదును మూసి చెరసాలగా వాడారు, 1943లో తిరిగి ఇచ్చారు. మేము వెళ్ళినప్పుడు మా వరుసలో ఒకరు చేతులు కట్టుకొని, పక్కవారు చేతులు వదిలి నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ తేరిపార చూడలేదు.

ఉత్తరపు గోడకు అవతల ఖిర్ఖ్‌లార్ శ్మశానం ఉంది. 'నలభైమంది' అని అర్థం. ఖజర్లతో పోరాటంలో అమరులైన తొలితరం ముస్లింలవని చెప్పే సమాధులు, పొడుగాటి గుండ్రాతి దిమ్మెలు. ఫాతిహా చదివాము. అక్కడ నిజామీ చెప్పిన ఇంకొక కథ గుర్తుకొచ్చింది. సికందర్ దర్బంద్ కోటను ముట్టడించి నలభై రోజులైనా పట్టుకోలేకపోతాడు. లోకాన్ని గెలిచిన సైన్యం ఒక కొండకోట ముందు చేతులు ముడుచుకొని కూర్చుంటుంది. చివరకు గుహలో ఒంటరిగా ఉన్న ఒక తపస్వి సంగతి తెలిసి చక్రవర్తి తానే ఆయన దగ్గరకు వెళతాడు. ఆ సాధువు చేసిన ఒక్క దుఆతో కోట గోడ కూలుతుంది. ఆ తపస్వి ఇతడిని చూసి లేచి నిలబడలేదేమని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగితే, ఉస్తాద్ గారు చాలాసేపు నవ్వడం నాకు జ్ఞాపకం. జరగని ముట్టడే. అయినా సికందర్‌నామాను నా అలమారలోంచి తీసివేయాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. కథను కథగా చదివితే అది ఎవరికీ కీడు చేయదు.

సాయంత్రం గోడ వెంట నడుచుకుంటూ సముద్రం దాకా దిగాము. ఒకప్పుడు గోడ నీటిలోకి కూడా సాగి ఓడలకు దారి మూసేదట. ఆ భాగం ఇప్పుడు అలల కింద ఉంది. నీటిలో గోడ ఎలా కట్టారని మేనల్లుడు అడిగాడు. మస్ఊదీ వ్రాసినది చెప్పాను. గాలి నింపిన తోలుతిత్తుల మీద రాళ్ళు, ఇనుము, సీసం పేర్చుకుంటూ పోయారట. బరువు పెరిగినకొద్దీ అవి అడుగుకు దిగాయట. నేల తాకగానే మనుషులు కత్తులతో నీట మునిగి తిత్తులను చీల్చారట. అతడు కాసేపు నీటివైపు చూసి, ఎన్ని తిత్తులైతే ఒక రాయి తేలుతుందో వేళ్ళమీద లెక్కవేయడం మొదలుపెట్టాడు.